వంటమనిషి లేని ప్రయాణం

మా ఆయన పరంధామయ్యకు చిత్తూరు బస్టాండు పక్కన ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. కాశీ, గయ, పూరీ, రామేశ్వరం అంటూ ఏడాదంతా జనాన్ని తిప్పుకొచ్చేవాడు. ఆయన టూరుకు ఉన్న పేరల్లా ఒక్కటే, బస్సులో వంటమనిషి ఉంటాడని. వెనక సీట్ల కింద బియ్యం మూటలు, పప్పు డబ్బాలు, కిరసనాయిలు స్టవ్వులు ఎక్కాక గానీ మనుషులు ఎక్కేవాళ్లు కాదు. గంగ ఒడ్డున దిగినా మనవాళ్లకు మన చారు, మన ఊరగాయే. అందుకని, ఎదురింటి దస్తగిరిని కుటుంబంతో సహా జపాన్ రమ్మన్నారని తెలిసిన సాయంత్రమే ఈయన జేబులో పెన్ను పెట్టుకుని వీధి దాటేశాడు. ఎవరూ పిలవలేదు. పెళ్లికైనా చావుకైనా ఈయనను పిలవాల్సిన పని లేదు.

కానీ నేను చెప్పబోయేది ఈయన సంగతి కాదు. మొగుడి గురించి మాట్లాడటం మొదలుపెడితే నాకు నోరు ఆగదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను. చెప్పాల్సింది దస్తగిరి భార్య జైబూన్ గురించి.

జైబూన్ మదనపల్లె పిల్ల. పెళ్లయి మా గ్రీమ్స్‌పేటకు వచ్చినప్పటి నుంచీ నాకు తెలుసు. ఆమె పొయ్యి మీద ఉల్లిపాయ వేగితే మా వీధి వీధంతా ఆకలి పుడుతుంది. మాంసం ముట్టని నేనే ఆమె చేసే వంకాయ పులుసు కోసం గిన్నె పట్టుకుని వీధి దాటి వాళ్ల గోడ దగ్గర నిలబడేదాన్ని. అత్తమామలకు, మరుదులకు, తర్వాత మొగుడికి, కూతురికి, వచ్చిన చుట్టాలకు, పోయే చుట్టాలకు ఆ చేతులు వండుతూనే ఉన్నాయి. అందరూ తిన్నాక, పళ్లాలు తీసి, నేల తుడిచి, పొయ్యి దగ్గరే నిలబడి అడుగున మిగిలింది తినేది. కూర్చుని తినవే అంటే, "కూర్చుంటే మళ్లా లేసేదెవరక్కా" అని నవ్వేది. పెళ్లిళ్లకు పోయినా అంతే. పట్టుచీర కట్టుకుని పోయి, కాసేపటికి కొంగు నడుముకు చుట్టి వంటవాళ్ల మధ్య తేలేది. బిర్యానీ దింపే వేళకు ఆమె మాట లేకుండా మూత తీసేవాళ్లు కాదు.

బయట తిండి ఆమె ముట్టదు. హలాల్ ఒక కారణం. మాంసం దేవుడి పేరు చెప్పి కోసిందే అయి ఉండాలి, పంది కొవ్వు తగలకూడదు, మందు చుక్క పడకూడదు. అది ఇల్లంతా పాటించేదే. దాని మీద ఈమె ముక్కు వేరే ఉంది. ఏ గిన్నె సరిగ్గా తోమలేదో, ఏ నూనె రెండోసారి కాగిందో వాసనతోనే చెప్పేస్తుంది.

దస్తగిరి ఊరి బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తోతాపురి కాయ దిగే రోజుల్లో ఆయనకు ఇల్లూ వాకిలీ గుర్తుండవు. అక్కడ గుజ్జు కొనే జపాన్ కంపెనీ తరఫున మోరిటా అనే ఆయన ప్రతి సీజనుకూ తనిఖీకి వచ్చేవాడు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండే మనిషి. ఒక్క నల్ల చుక్క కనబడినా డ్రమ్ము డ్రమ్మునే వెనక్కి తోసేస్తాడని ఫ్యాక్టరీలో అందరికీ హడల్. అలాంటివాడు వచ్చిన మొదటి ఏడే లాడ్జి తిండి పడక మంచాన పడ్డాడు. దస్తగిరి ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే జైబూన్ మెత్తగా అన్నం వండి, మిరియాలు తక్కువేసి కోడి చారు కాచి క్యారియరు పంపింది. మూడో పూటకు మోరిటా లేచి కూర్చున్నాడు. అప్పటి నుంచి ఏ సీజనులో వచ్చినా ఆయన మధ్యాహ్నం భోజనం ఈ ఇంటి నుంచే. ఖాళీ క్యారియరు కడిగి, తుడిచి, మీద ఒక కాగితపు కొంగ బొమ్మ పెట్టి పంపేవాడు. ఆ కొంగలన్నీ జైబూన్ అద్దం వెనక దాచుకుంది.

రెండువేల నాలుగులో మోరిటా రిటైరవుతున్నాడు. వచ్చే సీజనే ఆఖరుదని, ఆ తర్వాత అక్టోబరులో మీరంతా మా దేశం చూడటానికి రావాలని, వచ్చినన్నాళ్లూ నా అతిథులని దస్తగిరికి కబురు పెట్టాడు. దస్తగిరి ఆనందం చూడాలి. సైకిలు దిగకుండానే వీధి మొదటి నుంచి అరుచుకుంటూ వచ్చాడు.

అదిగో, అక్కడ దిగాడు మా ఆయన.

దస్తగిరి వరండాలో చాప పరిచి, ప్రపంచ పటం పరిచి, ప్లాను మొదలైంది. వీసా లేదు, పాస్‌పోర్టు లేదు, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కూతురు పర్వీన్ తిరుపతిలో ఎమ్సీయే చదివేది. ఆ పిల్ల నెట్ సెంటరులో కూర్చుని బొమ్మలు ప్రింటు తీసుకొచ్చింది. నారా అనే ఊళ్లో జింకలు మనుషుల మధ్యే తిరుగుతాయట. క్యోటోలో గుళ్లు, ఎర్రబారిన చెట్లు. కోబేలో సముద్రం, పాతకాలపు మసీదు. జైబూన్ గడప దగ్గర నిలబడి ఆ బొమ్మలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, తడి తగలకుండా అంచులు పట్టుకుని చూసింది. జింకల బొమ్మ మళ్లీ అడిగి చూసింది.

"అంతా బాగుండాది గానీ మామా, తిండే కష్టం," అంది పర్వీన్. "వాళ్లు సగం వంటల్లో బియ్యంతో చేసిన మందు పోస్తారంట. నూడుల్సు నీళ్లు పంది ఎముకలతో కాస్తారంట. పైకి చేపే కనబడినా లోపల ఏం పడిందో తెలీదు."

"దాంట్లో కష్టమేముండాది పాపా?" అన్నాడు మా ఆయన. "జపానైతే ఏంది, ఆడ మాత్రం నీళ్లు కాగవా? స్టవ్వు, బియ్యం, మసాలా కట్టుకుంటే సాలు. పొద్దున్నే మీ అమ్మ వండేస్తాది. క్యారియరు పట్టుకుని బయల్దేరేది. మధ్యాహ్నం జింకల కాడ చెట్టు కింద కూర్చుని తినేది. రాత్రికి రూములో మళ్లా వేడిగా వండుకునేది. కాశీలో ఇంతమందికి చేసినోణ్ణి, ముగ్గురికి చేయలేనా?"

"కిరసనాయిలు స్టవ్వు విమానం ఎక్కనీరు మామా."

"అట్లయితే కరెంటుది."

దస్తగిరి తొడ చరిచాడు. "ఇంక హలాల్ గొడవే లేదన్నా! అయినా జైబూ చెయ్యి పడకపోతే నాకు ముద్ద దిగదు, ఆ సంగతి నీకు తెలుసు కదా."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, జైబూన్ రెక్కల్ని వీళ్లిద్దరూ అలా పంచేసుకున్నారు. ఆమె బొమ్మలు చాప మీద పెట్టి టీ కాచడానికి లోపలికి పోయింది. నేను అప్పుడే ఏదో అనబోయాను గానీ, ఆ ఇంటి సంగతిలో నేనెందుకు తలదూర్చాలని ఊరుకున్నాను. నేను ఊరుకోవడం అరుదు.

నాలుగు రోజులకు జైబూన్ తాను రానని చెప్పేసింది. విమానమంటే భయమంది. దస్తగిరి బతిమాలాడు, అలిగాడు, భోజనం మానతానని బెదిరించి మానలేకపోయాడు. మా ఆయన విమానం బస్సు కంటే భద్రమని లెక్కలు చెప్పాడు. ఆమె మాత్రం "మీరు పోయి రాండి, నేను ఇంట్లో ఉంటా" అన్న ముక్క వదల్లేదు.

పాము కనబడితే చీపురు అందుకునే మనిషికి విమానమంటే భయమేమిటని నాకు అనుమానం. మధ్యాహ్నం వాళ్ల పెరటి గోడ దగ్గర ఆమె బియ్యం ఏరుతుంటే పట్టుకున్నాను.

"నిజం చెప్పు జైబూ. ఏంది నీ కష్టం?"

చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. తర్వాత మెల్లగా అంది. "జపానుకు పోయినా నాకు పొయ్యేనా అక్కా?"

నేను ఆమె పక్కనే కూర్చుని చేట ఇవతలికి లాక్కున్నాను.

"ఆ జింకలు సూడాలని నాకూ ఉండాది. కానీ నేను ఆడికి పోయి కూడా పొద్దున లేసి చపాతీలు రుద్దాల. వాళ్లు సముద్రం సూస్తా ఉంటే నేను రాత్రికి ఏం వండాల అని ఆలోచిస్తా ఉంటా. దానికి ఈడే నయం. ఈడ నా పొయ్యి నాకు అలవాటు. అట్లని ఆడ ఏదంటే అది తినేదానికీ లేదు. ఆ సారు ప్రేమగా పెడితే వద్దంటే ఆయన మనసు కష్టపడతాది. అందుకే రాను." కొంగుతో కళ్లు తుడుచుకుని, "వాళ్లతో చెప్పొద్దక్కా, నా మీద ఒట్టు," అంది. "ఆయన పాపం సంతోషంగా ఉండాడు."

నాకు ఆ క్షణం దస్తగిరి మీద, మా ఆయన మీద, మొత్తం మగజాతి మీద మంట పుట్టింది. అంతకంటే ఎక్కువగా ఆమె మీద జాలి వేసింది. జీవితంలో మొదటిసారి ఈమెను ఎవరో అతిథిగా పిలిచారు. ఆ పిలుపులోంచి కూడా ఆమెను తీసుకెళ్లి పొయ్యి ముందరే నిలబెట్టారు.

ఒట్టు వేయించుకుంది కాబట్టి నేను చెప్పలేదు. ఆదివారం పర్వీన్ తిరుపతి నుంచి వచ్చినప్పుడు ఒక్కటే అడిగాను. "ఏమ్మే చదువుకున్నదానా, మీ ప్లానులో అందరికీ సెలవుండాది. సెలవు లేనిది ఎవరికో సూసినావా?"

పర్వీన్ తెలివైన పిల్ల. మొహం పాలిపోయింది. నేరుగా ఇంట్లోకి పోయి వాళ్లమ్మ పక్కన కూర్చుని చపాతీలు రుద్దింది. అవి ఏ దేశం పటంలా వచ్చాయో నేను చెప్పను. మర్నాడు తిరుపతి చేరగానే నెట్ సెంటరుకు పోయి మోరిటాకు ఉన్నదున్నట్టు రాసేసింది. మా అమ్మ మీ ఇంటికి వస్తే వంట చేయకూడదు, మాకు హలాల్ కాకుండా పనికిరాదు, ఈ రెండూ కుదిరితేనే వస్తాం అని.

ఆ తర్వాత మోరిటా చేసిన పని పర్వీన్ వారం వారం వచ్చి చెబుతుంటే మాకు నవ్వాగేది కాదు. మామిడి గుజ్జును పట్టినట్టే ఆయన తన ఊరి హోటళ్లను పట్టాడు. వంటింట్లోకి పోయి సీసాలు తిప్పి చదివాడట. చారులో ఏం వేశావు, అదే కత్తితో ఇంకేం కోశావు అని అడిగాడట. ఎన్నో ఏళ్ల స్నేహితుడైన ఒక హోటలాయన కోపమొచ్చి ఈయనను బయటికి పంపేశాడట. మొదట ఆయనే మెచ్చి రాసిన హోటళ్లన్నీ ఆయనే కొట్టేశాడు. చివరికి కోబేలో మసీదు దగ్గర హలాల్ మాంసం అమ్మే కొట్టు పట్టుకున్నాడు. ఒక ముసలి నూడుల్స్ హోటలామెను ఒప్పించాడు. వీళ్ల కోసమని ఆమె కొత్త గిన్నెలు వాడుతుందట, పంది మాంసం ఆ రోజు గడప తొక్కదట. ఒక సత్రం ఆయన చేపలు, గుడ్లు, కూరగాయలతో సరిపెడతానన్నాడు.

జైబూన్ అన్నీ విన్నది. "ఆయనకెంత శ్రమ," అంది. వస్తానని మాత్రం అనలేదు. ఆమెను నేను తప్పుపట్టను. తనకు సుఖం వస్తోందంటే నమ్మే అలవాటు లేదు ఆమెకు.

జూన్ వచ్చింది, మోరిటా వచ్చాడు. ఒక ఆదివారం సూట్‌కేసుతో నేరుగా దస్తగిరి ఇంటికే వచ్చి, చెప్పులు విప్పి, నడుము వంచి దండం పెట్టి, సూట్‌కేసులోంచి సీసాలు, పొట్లాలు తీసి వరండా గోడ మీద వరసగా పేర్చాడు. తర్వాత ఇంగ్లీషులో ఏదో అన్నాడు. పర్వీన్ నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "అమ్మీ, ఇన్నేళ్లూ ఆయన ఇన్‌స్పెక్టరంట. ఈరోజు నువ్వంట. నువ్వు సరే అంటేనే వండతాడంట. అది కూడా మన గిన్నెల్లో, మన కసాయి ఇచ్చిన కోడితోనే."

"వండతాడా? ఎవురు?"

"ఆయనే."

దస్తగిరి కంగారుగా, "సార్, సార్, నో సార్" అంటూ అడ్డం పడబోయాడు. మోరిటా ఆయన వైపు కూడా చూడలేదు. ఫ్యాక్టరీలో చూపే మొహమే అది.

జైబూన్ కొంగు సర్దుకుని సీసా తర్వాత సీసా మూత తీసి వాసన చూసింది. నల్లటి సోయా రసం సీసాలు రెండున్నాయి. మొదటిది పక్కన పెట్టింది. రెండోది ముక్కు దగ్గరే ఉంచి తల అడ్డంగా ఊపింది. "ఇది వద్దు. పులిసిన వాసన." పర్వీన్ దాని మీద మోరిటా అంటించిన ఇంగ్లీషు చీటీ చదివి, ఇందులోనూ మందు కలపలేదమ్మీ అంది. "ఏమో, నాకు వద్దనిపిస్తా ఉండాది" అని, అనేశాక భయపడి మోరిటా మొహం చూసింది. ఆయన మారుమాట లేకుండా ఆ సీసా తీసి సూట్‌కేసులో పెట్టేశాడు. తాను వద్దంటే ఒక వస్తువు వెనక్కి పోవడం జైబూన్ అప్పుడే మొదటిసారి చూసిందనుకుంటాను. ఆ తర్వాత ఆమె వాసన చూడటంలో దర్జా వచ్చింది. కార్బన్ కాగితంలా ఉన్న సముద్రపు నాచు రేకుల్ని వెలుతురుకు ఎత్తి పట్టి, ఒక మూల కొరికి, "పరవాలేదు" అంది.

మోరిటా గడియారం విప్పి, చేతులు కడుక్కుని వంటింట్లోకి పోయాడు. వెనకే జైబూన్ లేచింది. నేను కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టాను.

కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది, తీసింది, చీర అంచు మడత పెట్టింది. లోపల చప్పుడయినప్పుడల్లా, "అది నా ఇనప బాండలి", "అంత మంట ఎందుకు పెడతా ఉండాడు", "గరిటె ఆడ లేదు, కిటికీ కింద ఉండాది" అని గొణిగింది. దస్తగిరి చేత ఉల్లిపాయలు కోయించాడు మోరిటా. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటూ రెండుసార్లు బయటికొచ్చి మొహం కడుక్కున్నాడు. మా ఆయన వంతుకు కుళాయి దగ్గర నీళ్లు పట్టే పని పడింది. కాశీకి ఇంతమందిని తిప్పినాయన బిందె మోస్తూ పోతుంటే నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.

పొగలు కక్కుతున్న గిన్నె తెచ్చి మోరిటా జైబూన్ ముందు పెట్టాడు. అన్నం మీద కోడిముక్కలు, ఉల్లిపాయ, కొంచెం బెల్లం తీపి, పైన సగం ఉడికిన గుడ్డు. తల్లీపిల్లా అన్నం అంటారట దాన్ని, కోడీ గుడ్డూ కలిసి ఉంటాయి కాబట్టి.

"పాపం, పేరు వింటే తినబుద్ధి కాదే," అంది జైబూన్. అందరూ నవ్వారు. "సరే, మీరంతా కూర్చోండి. మీరు తిన్నాక నేను తింటా."

మోరిటా కదల్లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉందని దస్తగిరే చెప్పాడు మాకు. ఇన్‌స్పెక్టరు చెంచాతో రుచి చూసి తలూపేదాకా డ్రమ్ముకు సీలు పడదు, ఎంత పెద్దవాడైనా దాన్ని ముట్టకూడదు. "నువ్వు తినేదాకా మాకు పెట్టడు జైబూ," అన్నాడు దస్తగిరి నెమ్మదిగా.

అందరం ఆమెనే చూస్తున్నాం. జైబూన్ బిస్మిల్లా అనుకుని, ఎప్పుడూ తినేటంత పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. మరుక్షణం నోరు తెరిచి, చెయ్యి విసురుకుంటూ, కళ్లనీళ్లతో పకపకా నవ్వేసింది. నాలుక కాలింది.

"ఊదుకుని తినాల అమ్మీ," అంది పర్వీన్.

"నాకేం తెలుసే," అంది జైబూన్ ఇంకా నవ్వుతూనే. "ఇంత వేడిగా ఎప్పుడు తిన్నాను నేను?"

మామూలుగానే అంది. ఎవరినీ ఎత్తిపొడవాలని అనలేదు. కానీ దస్తగిరి నవ్వు ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆమె చేతి వేడి అన్నం తిన్న మనిషి, ఆమెకు చల్లారిందే మిగిలేదని ఆ రోజు తెలుసుకున్నట్టుంది. లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమె ఊదుకుని, రెండో ముద్ద తిని, మూడోది తిని, గిన్నె మొత్తం ఖాళీ చేసింది. మేమంతా ఆకలితో అలాగే నిలబడి చూశాం. చివర్లో మోరిటా వైపు తిరిగి, ఆయన ఫ్యాక్టరీలో ఎలా ఊపుతాడో అలాగే తల ఊపింది.

"బాగుండాదని చెప్పు పర్వీన్. ఉప్పు రవ్వంత తక్కువని కూడా చెప్పు." ఒక్క క్షణం ఆగింది. "వస్తానని చెప్పు."

ఆ రాత్రే మా ఆయన ప్లాను మళ్లీ రాశాడు. స్టవ్వు కొట్టేశాడు, బియ్యం కొట్టేశాడు, మసాలా డబ్బా కొట్టేశాడు. ఒక్క నిమ్మకాయ ఊరగాయ ఉండనివ్వమని నన్నే అడిగాడు. పోనీలే పాపమని ఒప్పుకున్నాను.

అక్టోబరులో దస్తగిరి, జైబూన్, పర్వీన్ మద్రాసులో విమానమెక్కారు. వారం గడిచాక ఒక సాయంత్రం మా ఇంటి ఫోను మోగింది. పర్వీన్ కోబే నుంచి చేసింది. జింకలు అమ్మీ చేతిలో బిస్కత్తులు లాక్కున్నాయని, వాళ్ల నాన్న గుడి మెట్లెక్కలేక మధ్యలో కూర్చున్నాడని ఒక్క ఊపిరిలో చెప్పి ఫోను వాళ్లమ్మకు ఇచ్చింది. దూరం కదా అని నేను గొంతు చించుకుని అరిచాను.

"జైబూ! ఎట్లుండావే? ఏం చేస్తా ఉండావు?"

అవతల గిన్నెల చప్పుడు, ఎవరో ముసలి ఆడమనిషి మాటలు వినబడుతున్నాయి. జైబూన్ గొంతు మాత్రం తాపీగా వచ్చింది.

"ఏమీ చేయలేదక్కా. కూర్చోనుండా. లోపల ఆమె ఏదో వండతా ఉండాది. ఏం వండతా ఉండాదో నాకు తెలీదు."